చక్రం 360 సార్లు తిరిగితే ఒక మైలు

1847 మే నెల. అమెరికా నడిబొడ్డున గడ్డి మైదానాల మీదుగా ఒక బండ్ల బారు పడమటికి సాగుతోంది. ఒక బండి పక్కనే విలియం క్లేటన్ అనే 32 ఏళ్ల గుమాస్తా నడుస్తున్నాడు. చక్రం ఆకుకి ఎర్రగుడ్డ పీలిక కట్టాడు. పీలిక ఒక చుట్టు తిరిగొచ్చినప్పుడల్లా ఒకటి లెక్కపెడుతున్నాడు. చక్రం చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళాలు, అంటే 360 చుట్లు తిరిగితే సరిగ్గా మైలు. మే 8న సాయంత్రానికి లెక్క 4,070 చుట్లకు చేరింది. ఆ రోజు నడక 11 మైళ్ల పైచిలుకు.

ఉన్న ఊరు వదిలి ప్రాణాలు దక్కించుకుని పోతున్న మనిషికి ఈ లెక్కలెందుకు? అది అర్థం కావాలంటే 17 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఆరుగురితో మొదలు

1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ కొత్త క్రైస్తవ సంఘం పెట్టినప్పుడు, చట్టప్రకారం నమోదైన సభ్యులు ఆరుగురే. ‘మోర్మన్ గ్రంథం’ వారి పవిత్ర పుస్తకం కావడంతో లోకం వాళ్లను మోర్మన్లు అంది. మిస్సోరీ రాష్ట్రంలోని జాక్సన్ కౌంటీ తమకు దేవుడిచ్చిన నేల అని నమ్మి, 1831 నుంచి అక్కడ స్థిరపడసాగారు.

అంతకుముందే అక్కడున్నవారికి ఈ మాట బెదిరింపులా వినిపించింది. వచ్చినవాళ్లు కలిసికట్టుగా భూములు కొంటున్నారు, ఒక్కమాట మీద ఓట్లేస్తున్నారు. పైగా బానిసత్వం చెల్లుబాటయ్యే రాష్ట్రంలోకి వచ్చిన ఉత్తరాది జనం. 1833 జులై 20న ఒక గుంపు వాళ్ల ముద్రణాలయాన్ని కూల్చేసింది. ఆ నవంబర్ చలిలో సుమారు 1,200 మందిని కౌంటీ నుంచి తరిమేశారు.

మూడు రోజుల్లో 17 ప్రాణాలు

1838 నాటికి ఉత్తర మిస్సోరీలో, ఫార్ వెస్ట్ అనే ఊరి చుట్టూ, మోర్మన్లు దాదాపు 10,000కు చేరారు. ఆగస్టు 6న గాలటిన్‌లో పోలింగ్ దగ్గర మొదలైన కొట్లాట అక్టోబరుకల్లా చిన్న యుద్ధమైంది. తప్పు ఒకవైపే లేదు. మోర్మన్ దళాలూ గాలటిన్‌ను దోచుకుని తగలబెట్టాయి. అయితే ప్రభుత్వం మొత్తం ఒకవైపే మొగ్గింది. అక్టోబర్ 27న గవర్నర్ లిల్బర్న్ బాగ్స్ ఉత్తర్వు ఇచ్చాడు: మోర్మన్లను శత్రువులుగా చూడాలి, నిర్మూలించాలి లేదా రాష్ట్రం దాటించాలి.

మూడు రోజులకు, అక్టోబర్ 30న, హాన్స్ మిల్ అనే చిన్న పల్లె మీద 200 మందికి పైగా సాయుధులు పడ్డారు. మగవాళ్లు కమ్మరి కొలిమిలోకి పరుగెత్తారు. దుంగల మధ్య సందుల్లోంచి తుపాకులు పేలాయి. కొలిమితిత్తి కింద దాక్కున్న పదేళ్ల పిల్లవాడినీ వదల్లేదు. చనిపోయినవారు 17 మంది. గోతులు తవ్వే వ్యవధి లేక, సగం తవ్వి వదిలేసిన బావిలోకి శవాలను దించారు.

ఆ చలికాలంలో వేలమంది మిసిసిపీ నది దాటి ఇల్లినాయ్ చేరారు. సుమారు 1,500 జనాభా ఉన్న క్విన్సీ పట్టణం తనకన్నా మూడింతల మందికి నీడనిచ్చింది. ఈ కథలో చీకటి ఎంత ఉందో, క్విన్సీ కూడా అంతగా గుర్తుండాలి.

491 అర్జీలు

అక్కడే వాళ్లు కాగితం, కలం పట్టారు. పోయిన పొలం, కాలిన ఇల్లు, దోచిన పశువులు ఒక్కొక్కటీ రాసి ప్రమాణం చేశారు. 1839లో స్మిత్ స్వయంగా వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌ను కలిశాడు. 491 మంది అడిగిన నష్టపరిహారం దాదాపు 13.8 లక్షల డాలర్లు. చేతికొచ్చింది సున్నా. బాగ్స్ ఉత్తర్వును మిస్సోరీ అధికారికంగా రద్దు చేసింది 1976లో!

ఆ తర్వాత మిసిసిపీ ఒడ్డున చిత్తడి నేలను ఎండగట్టి నావూ నగరం కట్టుకున్నారు. ఆరేళ్లలో జనాభా 11,000 దాటింది. 1844 జూన్ 10న వాళ్ల నగర పాలకులే, తమను విమర్శించిన పత్రిక ముద్రణాలయాన్ని ధ్వంసం చేయించారు. 1833లో తాము అనుభవించిన అన్యాయమే ఇప్పుడు వాళ్ల చేతుల మీదుగా జరిగింది. జూన్ 27న కార్తేజ్ జైలు మీద దాడి చేసిన గుంపు, ఆ గొడవతో అక్కడ బందీలైన జోసెఫ్‌ను, అతని అన్న హైరంను కాల్చి చంపింది.

300 మైళ్లకు 4 నెలలు, 1,000 మైళ్లకు 3

స్మిత్ తర్వాత పగ్గాలు చేపట్టిన బ్రిగం యంగ్ నాయకత్వంలో 1846 ఫిబ్రవరి 4న తొలి బండ్లు నావూ విడిచాయి. అయోవా మీదుగా 300 మైళ్లు దాటడానికి 4 నెలలు పట్టింది. అడుగడుగునా బురద, వాన, చాలని తిండి. ఆ కష్టంలోనూ దారిలో ఆగి పొలాలు దున్ని విత్తారు. పంట తమకోసం కాదు, వెనక వచ్చేవాళ్లకోసం. మిస్సోరీ నది పక్కన వింటర్ క్వార్టర్స్ అనే విడిదిలో జ్వరాలకు, పోషకాల లేమికి వందల మంది రాలిపోయారు.

1847 వసంతంలో 143 మంది పురుషులు, ముగ్గురు స్త్రీలు, ఇద్దరు పిల్లలు ముందు బృందంగా బయల్దేరారు. ఏప్రిల్‌లో కదిలి, వెయ్యి మైళ్లకు పైగా దాటి జులై 24కల్లా సాల్ట్ లేక్ లోయ చేరారు. చేతిలెక్కతో విసిగిన క్లేటన్ కోసం ఓర్సన్ ప్రాట్ ఒక యంత్రం ఆలోచిస్తే, వడ్రంగి ఆపిల్టన్ హార్మన్ చెక్క పళ్లచక్రాలతో దారిలోనే చేసిపెట్టాడు. 1848లో క్లేటన్ దారిపుస్తకం అచ్చయింది. మొత్తం 1,031 మైళ్లు. ఏ వాగు ఎంత దూరం, గడ్డి ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ విడిది చేయొచ్చు, అన్నీ అందులో ఉన్నాయి.

ఫలితం? 1868 దాకా ఆ దారిన వెళ్లిన 56,000 మంది వివరాలను పరిశోధకులు జల్లెడ పడితే మరణాలు సుమారు 1,900, అంటే నూటికి 3 నుంచి 4. లెక్క తప్పినచోట మూల్యం మరోలా ఉంది. 1856లో ఆలస్యంగా బయల్దేరి మంచులో చిక్కుకున్న రెండు తోపుడుబండ్ల బృందాల్లో, దాదాపు 1,000 మందిలో 200 మందికి పైగా చనిపోయారు.

ఇంకో లెక్కా చెప్పి తీరాలి. ఆ లోయ ఖాళీ నేల కాదు. షోషోనీ, యూట్, గోషూట్ జాతులు తరాలుగా తిరిగిన నేల అది. తరిమివేతకు గురైనవారు స్థిరపడటం మరొకరికి తరిమివేతగా మారింది. అంతే కాదు, 1857లో మౌంటెన్ మెడోస్ దగ్గర మోర్మన్ దళమే సుమారు 120 మంది బాటసారులను చంపింది.

491 అర్జీల లెక్కకు వాషింగ్టన్‌లో విలువ దక్కలేదు. క్లేటన్ లెక్క మాత్రం, చంకన బిడ్డతో వెనక నడిచివచ్చిన తల్లికి, తర్వాతి వాగు ఇంకెన్ని మైళ్లో చెప్పింది.