నక్క ఊసెత్తని పుస్తకం

శిశుపాఠశాల పంతులమ్మ కాబోయే అమ్మాయికి తర్ఫీదులో బొమ్మల పుస్తకాలు ఎంచడమూ ఒక పాఠమే. బొమ్మలూ, నీతీ ఉంటే చాలదా అంటారేమో! చాలదు. అక్షరాలమీద కాగితం కప్పి, బొమ్మలేం చెబుతున్నాయో చూడాలి.

1968లో వెలువడిన ‘రోజీస్ వాక్’ చూడండి. పాట్ హచిన్స్ రాసి, బొమ్మలూ తానే వేశారు. ఇంగ్లీషులో మొత్తం 32 మాటలు. కోడిపెట్ట షికారు వెళ్ళి, భోజనంవేళకు ఇల్లు చేరుతుంది; అంతే. వెనకాలే పొంచి వస్తూ చెరువులో పడి, పిండిలో మునిగే నక్క ఊసు మాటల్లో లేనే లేదు! పెద్దలకిది చప్పగా తోస్తుంది. పిల్లలు మాత్రం "అదుగో నక్క!" అని కేకలు పెడతారు. పంతులమ్మ చెప్పనిది తాము కనిపెట్టామన్న సంబరం వాళ్ళది. ఆమె తొందరపడి ముందే చెప్పిందో, పుస్తకం దండగ.

ఇంకొకటి. పుస్తకం నిలబెట్టి, పిల్లల చాప చివర కూర్చుని చూడాలి. బొమ్మ కంటికి ఆనకపోతే అది తరగతికి కాదు, ఒడిలో కూర్చోబెట్టుకు చూపే మన ఇళ్ళకు.