మన పేరు మీద రాసిన ఉత్తరాలు: ఆర్ట్ సినిమాను బస్తీలో ఎట్లా చూడాలి

ఆదివారం అబిడ్స్‌లో షాపుల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పోటీ పరీక్షల గైడ్లు, ఇంగ్లిష్ నవలలు, వాటి మధ్య అప్పుడప్పుడు సినిమా పుస్తకాలు. ఆ మధ్య ఇంటర్ చదివే తమ్ముడొకడు మాతో వచ్చాడు. సత్యజిత్ రే మీద రాసిన పుస్తకం ఒకటి తిరగేసి, "అన్నా, ఇవి పెద్దోళ్లు చూసే సినిమాలు కదా" అన్నాడు. పెద్దోళ్లంటే వయసులో పెద్దోళ్లని కాదు. వాడు దేని గురించి అంటున్నాడో మాకు తెలుసు. జవాబు మాత్రం వెంటనే చెప్పలేకపోయాం. అందుకే ఇది రాస్తున్నాం.

ఆర్ట్ సినిమా అంటే పాటలుండవు, ఫైట్లుండవు, ఒక ముసలాయన పది నిమిషాలు నడుస్తూనే ఉంటాడు అని మనవాళ్లు నవ్వుతారు. కొన్ని అట్లాగే ఉంటాయి, దాచడమెందుకు. కానీ అసలు తేడా వేరే ఉంది. పెట్టిన డబ్బు ఎట్లా తిరిగొస్తుందన్న లెక్కను వెనక్కి నెట్టి, చెప్పదలచుకున్నది తనకు తోచిన పద్ధతిలో చెప్పే సినిమా అది. 1948లో ఇటలీలో వచ్చిన 'బైసికిల్ థీవ్స్' తీసుకోండి. గోడల మీద పోస్టర్లంటించే పని దొరికిన ఒక పేదవాడి సైకిల్ పోతుంది. సైకిల్ లేకపోతే పని లేదు. కొడుకును వెంటబెట్టుకుని ఊరంతా వెతుకుతాడు. అంతే కథ. ఆ తండ్రి వేషం వేసింది నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. ఇందులో పెద్దోళ్ల సొత్తు ఏముంది? సినిమా పేదవాడిదే. దాన్ని చూపించే గదే పెద్దోళ్లది.

ఆ గదిని ఫిల్మ్ సొసైటీ అంటారు. 1947లో కలకత్తాలో రే, చిదానంద దాస్‌గుప్తా కలిసి ఒకటి పెట్టారు. 1959లో ఇట్లాంటి సంఘాలన్నీ కలిసి దేశవ్యాప్త సమాఖ్య అయ్యాయి. మన తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ ఉస్మానియాలో చదువుకునే రోజుల్లోనే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. పద్ధతి సులువే. టికెట్ అమ్మరు, చందా కట్టినవాళ్లకే చూపిస్తారు. అందువల్ల సెన్సార్ నుంచి మినహాయింపు దొరికేది. విదేశీ రాయబార కార్యాలయాలు రీళ్లు ఇచ్చేవి. అబిడ్స్ పక్కనే రామ్‌కోట్‌లో జర్మన్ల మాక్స్ ముల్లర్ భవన్ ఉండేది. 1986లో అంతర్జాతీయ చలనచిత్రోత్సవం హైదరాబాద్‌కే వచ్చింది.

అదే కాలంలో అదే అబిడ్స్‌లో జమ్రూద్ మహల్, ప్యాలెస్, సాగర్ టాకీసుల్లో మనవాళ్లు తక్కువ టికెట్‌కు ముందు వరసల్లో కూర్చుని సినిమాలు చూశారు. టాకీసులో క్లాసులు ఉన్నాయి నిజమే. కానీ డబ్బులిస్తే టికెట్ ఇస్తారు, నువ్వెవరి కొడుకువని అడగరు. చీకట్లో అంటు పాటించడం ఎవరి వల్లా కాదు. సభ్యత్వ కార్డు సంగతి వేరు. దానికి ముందు ఆ సంగతి ఒకటుందని తెలియాలి, తర్వాత అక్కడ తెలిసినవాళ్లు ఉండాలి.

ఇరవై ఏళ్ల కిందట మాలో ఇద్దరం ఒక క్లబ్ షోకు వెళ్లాం. పేరు ఇప్పుడు అనవసరం. సినిమా అయ్యాక చర్చంతా ఇంగ్లిష్‌లో నడిచింది. కెమెరా గురించి, వెలుతురు గురించి చాలా మాట్లాడారు. మాలో ఒకడు లేచి తెలుగులో, "ఆ పనిమనిషి కులమేంటి సార్, ఎందుకు చెప్పలేదు" అని అడిగాడు. ఒక పెద్దాయన నవ్వి, "ప్రతిదాంట్లో కులం వెతకొద్దు బాబూ, ముందు ఫ్రేమ్ చూడటం నేర్చుకో" అన్నాడు. ఫ్రేమ్ చూడటం తర్వాత నేర్చుకున్నాం. నేర్చుకున్నాక అదే ప్రశ్న ఇంకా గట్టిగా వచ్చింది.

బెనెగల్ 1974లో తీసిన 'అంకుర్' మన తెలంగాణ పల్లె కథ, దక్కనీ యాసలో నడుస్తుంది. పట్నంలో చదివిన దొర కొడుకు సూర్య ఊరికి వస్తాడు. ఇంట్లో పనిచేసే లక్ష్మిని లోబర్చుకుంటాడు. ఆమె గర్భవతయ్యాక తప్పుకుంటాడు. మాటరాని ఆమె భర్త కిష్టయ్య పని అడగడానికి వస్తే, తన మీదికే వస్తున్నాడని భయపడి కొరడాతో కొడతాడు. చివర్లో ఒక చిన్నపిల్లవాడు దొర ఇంటి కిటికీకి రాయి విసురుతాడు. షబానా ఆజ్మీకి, కిష్టయ్యగా వేసిన సాధు మెహర్‌కు జాతీయ అవార్డులొచ్చాయి. గొప్ప సినిమానే, అనుమానం లేదు. కానీ అడగవలసినవి అడగాలి. లక్ష్మిని దళిత స్త్రీ అని చాలామంది రాస్తారు. ఆమె భర్తేమో కుండలు చేసేవాడు. కుమ్మరి ఇల్లూ మాదిగ ఇల్లూ ఊళ్లో ఒకే చోట ఉండవని పల్లెలో పుట్టిన ఎవరినడిగినా చెప్తారు. సినిమా చూసి మెచ్చుకున్న గదుల్లో ఆ తేడా ఎవరికీ అడ్డం రాలేదు. వాళ్లకు మనమంతా కింద కనపడే ఒకే గుంపు.

మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' ఇంకా చిక్కు. ఆయనకు తెలుగు రాదు. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను తెలుగు పల్లెకు తెచ్చాడు. మూల కథలో తండ్రీకొడుకులు చమార్లు. కోడలు పురిటి నొప్పులతో లోపల అరుస్తుంటే బయట ఆలుగడ్డలు కాల్చుకు తింటారు. ఆమె చనిపోతే శవవస్త్రం కోసం అడుక్కున్న డబ్బుతో తాగుతారు. కష్టపడ్డా ఫలితం దొరకని చోట పని చేయకపోవడమే తిరుగుబాటు అని సేన్ సినిమాను మెచ్చుకుంటూ విమర్శకులు రాశారు. హిందీ దళిత రచయితలు మాత్రం ప్రేమ్‌చంద్‌నే నిలదీశారు. మా ప్రశ్న ఇంకా చిన్నది. ఉత్తరాదిలో చాలా ఊళ్లలో కాన్పులు చేసే దాయిలు చమార్ ఆడవాళ్లే. ఊరందరి కాన్పులు చేసే వాడలో, తమ పిల్ల నొప్పులు పడుతుంటే ఒక్క ఆడమనిషీ గడప తొక్కలేదా? వాడ తెలిసినవాళ్లు ఆ కథ రాస్తే ఆ గుడిసె నిండా ఆడవాళ్లు ఉండేవాళ్లు.

ఇంకో సంగతి. ఆ తండ్రి వేషం వేసిన వాసుదేవరావు అంతకు రెండేళ్ల ముందు కన్నడ 'చోమన దుడి'లో చోముడు. సొంతంగా భూమి దున్నుకోవాలని తపించి, అది దక్కకుండానే పోయే అంటరాని మనిషి. దానికి ఆయన జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. ఒకే ముఖంతో ఒకచోట పని కోసం చచ్చే దళితుడు, ఇంకోచోట పని చేయని దళితుడు. రెండూ వరుసగా చూడండి. తర్వాత చర్చ దానంతటదే నడుస్తుంది.

ఇవి చూడొద్దని మేం చెప్పడం లేదు. చూసేటప్పుడు మాకు గుర్తొచ్చేది ఆఫ్రికా సినిమాలోని ఒక ఉత్తరం. సెనెగల్ దేశపు ఉస్మాన్ సెంబేన్ ఫ్రాన్స్‌లో మార్సెయ్ రేవులో హమాలీగా చేశాడు, యూనియన్‌లో తిరిగాడు, నవలలు రాశాడు. తన నవలలు తన జనం చదవలేరని తెలిసి, నలభై ఏళ్లకు దగ్గరపడ్డాక మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నాడు. సినిమా తన జనానికి రాత్రి బడి అని నమ్మిన మనిషి. 1966లో ఆయన తీసిన 'బ్లాక్ గర్ల్' గంట సేపు ఉంటుంది. పిల్లల్ని చూసుకోవాలని చెప్పి డియువానా అనే అమ్మాయిని ఫ్రాన్స్‌కు తీసుకుపోతారు. అక్కడ వంట, గిన్నెలు, బట్టలు అన్నీ ఆమె మీదే. ఊరి నుంచి తల్లి పేరు మీద ఉత్తరం వస్తుంది. ఆమెకు చదువు రాదు, యజమానే చదువుతాడు. ఆమె జవాబు చెప్పకపోతే తానే కాగితం తీసుకుని ఆమె పేరు మీద జవాబు రాయడం మొదలుపెడతాడు. అది నా ఉత్తరం కాదని ఆమె మనసులో అనుకుంటుంది, కాగితం చింపేస్తుంది.

'అంకుర్', 'ఒక ఊరి కథ' మంచి మనసుతో మన పేరు మీద రాసిన ఉత్తరాలు. చదివి చూడాలి. మనం చెప్పిన మాటలు అందులో ఏవి, రాసినవాడివి ఏవి అని వేరు చేయాలి. ఆర్ట్ సినిమా చర్చ అంటే మాకు అర్థమైంది అంతే.

పోయినేడు నాంపల్లి దగ్గర ఒక బస్తీ కమ్యూనిటీ హాల్లో 'బ్లాక్ గర్ల్' వేశాం. అద్దె ప్రొజెక్టర్, గోడకు తెల్ల దుప్పటి. కష్టమంతా సబ్‌టైటిళ్ల దగ్గర. ఫ్రెంచి సినిమాకు కింద ఇంగ్లిష్ అక్షరాలు పడితే మా అమ్మలకు రెండు పరాయి భాషలైతాయి. దీనికి పాత ఉపాయమే ఉంది. జపాన్‌లో మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే 'బెన్షి'లు ఉండేవాళ్లు, వాళ్ల కోసమే జనం వచ్చేవాళ్లు. కురొసావా అన్న ఆ పనే చేశాడు. ఉగాండా వీడియో హాళ్లలో 'వీజే'లు ఇప్పటికీ పరాయి సినిమాకు తమ భాషలో మాట కలుపుతారు. మేం సబ్‌టైటిల్ ఫైలు తీసుకుని నాలుగు సాయంత్రాలు కూర్చుని తెలుగు చేశాం. మామూలు టెక్స్ట్ ఫైలే, ఫోన్లో కూడా మార్చొచ్చు. ఆ ఇంటర్ తమ్ముడు మైకు పట్టుకుని చదివాడు. మాట మొత్తం చదవొద్దు, ముఖం కనపడేటప్పుడు ఆగు అని చెప్పుకోవలసి వచ్చింది. మొదటి అరగంట రైల్వే అనౌన్సర్ లాగా చదివాడు, తర్వాత గాడిలో పడ్డాడు.

అనుమతుల సంగతి కూడా చూసుకోండి. మన చట్టం ప్రకారం సినిమాకు విడుదలైన తర్వాత 60 ఏళ్ల వరకే కాపీరైట్ ఉంటుంది. 'బైసికిల్ థీవ్స్' లాంటివి ఆ గడువు దాటినవి. కొత్తవాటికి తీసినవాళ్లను అడగండి, డాక్యుమెంటరీలవాళ్లు తరచుగా ఒప్పుకుంటారు.

సినిమా అయ్యాక ఎవరూ కెమెరా గురించి మాట్లాడలేదు. బంజారాహిల్స్‌లో వంట చేసే అక్క ఒకామె, "మా మేడం కూడా నా జీతం సంగతి నాతో మాట్లాడది, మా ఆయనకు ఫోన్ చేస్తది" అన్నది. "ఆ పిల్ల కాగితం చింపింది గానీ ఇంటికి ఎందుకు పోలేదు" అని ఇంకొకామె అడిగింది. టికెట్ డబ్బులు ఎవరి చేతిలో ఉన్నాయన్న దాని మీద గంట మాట్లాడుకున్నారు.

సినిమా వేయడం చిన్న పనేం కాదు. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ రోడ్డులో నడిస్తే గోల్డెన్ త్రెషోల్డ్ వస్తుంది. సరోజినీ నాయుడి ఇల్లు. 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది అక్కడే. గచ్చిబౌలికి మారిన ఆ యూనివర్సిటీలో 2015 ఆగస్టులో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఒక నిరసన చేసింది. ఢిల్లీ కాలేజీలో 'ముజఫర్‌నగర్ బాకీ హై' డాక్యుమెంటరీ ప్రదర్శనను అడ్డుకున్నందుకు ఆ నిరసన. దాని మీద లేచిన గొడవే ఐదుగురు దళిత పరిశోధకుల వెలివేత దాకా, వెలివాడ దాకా, 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణం దాకా వెళ్లింది. ఒక సినిమాను చూడనివ్వండి అన్న దగ్గర మొదలైంది అది. మా హాల్లో సినిమాకు ముందు ఈ సంగతి చెప్తాం, పిల్లలకు తెలియదు కాబట్టి.

నాంపల్లి నుంచి నడిచిపోయేంత దూరంలో రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది. అక్కడ సినివారం పేరుతో శనివారాలు కొత్త కుర్రాళ్ల షార్ట్ ఫిల్ములు వేస్తూ వచ్చారు. మా తమ్ముడు ఒకసారి వెళ్లొచ్చి, ఫోన్‌తో ఒకటి తీస్తానని తిరుగుతున్నాడు. చూడాలి.

రెండోసారి మరాఠీ 'ఫాండ్రీ' వేశాం. 2013లో నాగరాజ్ మంజుళే తీసింది. ఊళ్లో పందులు పట్టే ఇంటి పిల్లవాడు జబ్యా. ఇంటివాళ్లతో కలిసి పందిని మోసుకుపోతుంటే బడి గోడ మీద అంబేద్కర్, ఫూలే బొమ్మలు ఒక్కొక్కటే దాటిపోతాయి. అక్కడ తమ్ముడు మైకు దించేశాడు, ఎవరూ చెప్పకుండానే. చివర్లో జబ్యా తనను వెక్కిరించినవాడి మీదికి రాయి విసురుతాడు. అంకుర్‌లో రాయి దొర కిటికీకి తగిలింది. ఇక్కడ నేరుగా కెమెరా మీదికి, అంటే చూసేవాళ్ల మీదికి వస్తుంది. మా హాల్లో ముందు వరసలో కూర్చున్న పిల్లలు తలలు వంచేశారు.