పశువుల గిట్టలే రక్షగా... ఐరోపా చెరువు గట్ల చిట్టి ఫెర్న్ ‘పిల్‌వర్ట్’

పశ్చిమ ఐరోపాలోని చెరువులు, సరస్సుల అంచులలో గడ్డిపోచలను తలపించే ఒక చిన్న మొక్క పెరుగుతుంది. దాని పేరు పిల్‌వర్ట్. శాస్త్రీయ నామం పిలులేరియా గ్లోబ్యులిఫెరా. చూపునకు గడ్డిలా ఉన్నప్పటికీ ఇది పూలు, విత్తనాలు లేని ఫెర్న్ జాతి మొక్క. దారాల వంటి లేత ఆకులు కొన వద్ద చుట్టుకొని ఉండటమే దీని ఆనవాలు.

మొక్క మొదట్లో సుమారు 3 మిల్లీమీటర్ల గుండ్రని కాయల వంటి కోశాలు ఏర్పడతాయి. ఇవి మందు మాత్రలను పోలి ఉండటం వల్లనే దీనికి ఈ పేరు వచ్చింది. వీటిలో రెండు రకాల సిద్ధబీజాలు ఉంటాయి. గట్టి పెంకు వల్ల ఇవి ఎండిన బురదలోనూ నిలిచి, నీరు చేరినప్పుడు తిరిగి మొలకెత్తగలవు. మన వరిచేలలో నాలుగు రెక్కల ఆకులతో కనిపించే మార్సీలియా కూడా ఈ కుటుంబానికి చెందినదే.

పోషకాలు తక్కువగా ఉండి, శీతకాలంలో మునిగి, వేసవిలో తేలే నేలలు దీనికి అనుకూలం. పొడవైన మొక్కలతో ఇది పోటీపడలేదు. పశువులు మేసి, తొక్కి ఖాళీ చేసిన బురద నేలే దీనికి ఆశ్రయం. ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్‌లో గుర్రాలు, పశువులు స్వేచ్ఛగా తిరుగుతున్నందున అక్కడ ఇది ఇప్పటికీ నిలిచి ఉంది.

చిత్తడి నేలలను ఎండగట్టడం, చెరువులను పూడ్చడం, పొలాల ఎరువులు నీటిలో కలవడం, మేత ఆగిపోవడం దీని క్షీణతకు ప్రధాన కారణాలు. వీటికి తోడు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రాంతాలకు చెందిన క్రాసులా హెల్మ్సీ అనే మొక్క అదే బురద అంచులను దట్టంగా ఆక్రమిస్తోంది. తోట చెరువుల కోసం అమ్ముతూ వచ్చిన ఈ మొక్క విక్రయాన్ని ఇంగ్లండ్‌లో 2014లో నిషేధించారు. అయితే, చిన్న ముక్క నుంచి కూడా తిరిగి పెరిగే స్వభావం ఉన్నందున, ఒకసారి వ్యాపించిన చోట దానిని నిర్మూలించడం చాలా కష్టం.

సంరక్షణ అంటే కంచె వేసి మనుషులను, పశువులను దూరం పెట్టడమే అన్న అభిప్రాయం ఈ మొక్క విషయంలో చెల్లదు. కంచె వేస్తే పొడవైన గడ్డి, పొదలు కమ్ముకొని పిల్‌వర్ట్‌కు వెలుతురు అందకుండా పోతుంది. పరిమితంగా పశువులను మేపడం, పూడిన చెరువు అంచులను తిరిగి తవ్వడం, ఎరువుల నీటిని అడ్డుకోవడం దీని మనుగడకు అవసరం.