భూగర్భ జలానికి రైతులే కట్టిన లెక్క

హైదరాబాదు తూర్పు అంచున వనస్థలిపురం దాటాక హయత్‌నగర్, ఇబ్రహీంపట్నం దిశగా పరుచుకున్న ఎర్ర చెల్కల అడుగున ఉన్నది గ్రానైటు శిల. పైనున్న చివికిన రాతి పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది కనుక, ఒక్క వానాకాలం ముఖం చాటేస్తే వేసవి నాటికి బోరు ఆగి ఆగి పోస్తుంది.

ఇటువంటి నేలకు తగిన సాంకేతికత దూరంలో లేదు. హయత్‌నగర్‌లోనే కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) పరిశోధన క్షేత్రం ఉంది. పొలంలో పారే వాన నీటిని పల్లపు మూలన తవ్విన సేద్యపు కుంటలోకి మళ్లించి, వానల మధ్య పైరు వాడే బెట్ట రోజుల్లో ఒక తడి ఇచ్చి పంటను దక్కించుకునే పద్ధతిపై ఆ సంస్థ కృషి చేసింది. మొక్క మొదటి దగ్గరే చుక్కలుగా నీరందించే డ్రిప్పుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే ప్రత్యేక ప్రాజెక్టు మొదలై రాయితీ అందింది. అయితే రాయితీ పైపులను పొలం దాకా చేర్చగలదు గాని వాటిని పనిచేయించలేదు. నీటిలోని లవణాలు పేరుకుని డ్రిప్పర్ల రంధ్రాలు పూడుకుపోయినప్పుడు పలుచని ఆమ్లంతో వాటిని శుభ్రం చేయడం ఎవరూ నేర్పకపోతే, ఆ పైపులు చుట్టలై గట్టు మీదికి చేరతాయి. పైగా 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు అందుతున్నందున నీటి పొదుపు వల్ల రైతుకు కరెంటు ఖర్చేమీ తగ్గదు. మిగిలిన నీటితో మరో అరెకరం తడిపితే భూగర్భానికీ ఏమీ మిగలదు.

ఈ చిక్కుముడిని మరో వైపు నుంచి విప్పిన ప్రయత్నం, ఆంధ్రప్రదేశ్ రైతు యాజమాన్య భూగర్భ జల వ్యవస్థల ప్రాజెక్టు, 2003లో నెదర్లాండ్స్ సాయంతో మొదలైంది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడైంది. అనంతపురం నుంచి నల్లగొండ దాకా 7 కరువు జిల్లాల్లో రైతులే వర్షమాపకం చూసి వాన నమోదు చేశారు, ఎంపిక చేసిన బోర్లలో నీటి మట్టాన్ని కొలిచారు, తెలిసిన కొలత గల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి మోటరు ఎంత నీరు పోస్తున్నదో తేల్చారు. ఒక్క మిల్లీమీటరు వానంటే ఎకరాకు సుమారు 4 వేల లీటర్లని తెలిసిన రైతుకు ఆ నమోదు పుస్తకం తన ఆస్తి లెక్కలాగే కనిపిస్తుంది. యాసంగికి ముందు ఒకే వాగు పరీవాహకంలోని రైతులు ఒకచోట చేరి, భూమిలోకి ఇంకిన నీటినీ, తాము వేయదలచిన పంటలకు కావలసిన నీటినీ పక్కపక్కన పెట్టి చూసుకునేవారు. దీనినే పంటల నీటి బడ్జెట్ అన్నారు. వరి తగ్గించమని అక్కడ ఎవరూ ఆదేశించలేదు, అంకెలు చూసి ఎవరి నిర్ణయం వారే తీసుకున్నారు. తెలుగు నేలపై సాగునీటి విస్తరణలో ఇంతకంటే గౌరవప్రదమైన పద్ధతి అరుదు.

ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక ప్రకారం, ఆ పరీవాహకాల్లో 42 శాతం మూడేళ్లపాటు వరుసగా యాసంగిలో నీటి తోడివేతను తగ్గించుకోగా, 7 శాతంలో మాత్రమే అది పెరిగింది. లెక్క తెలిసిన రైతుకు డ్రిప్పు, ఆరుతడి పంట, సేద్యపు కుంట తన లోటు పూడ్చుకునే సాధనాలవుతాయి; అప్పుడే వాటి మరమ్మతును సైతం అతడే అడిగి నేర్చుకుంటాడు.

తెలంగాణలో ఈ లెక్కకు చోటు సిద్ధంగానే ఉంది: సుమారు 5 వేల ఎకరాలకు ఒకటి చొప్పున, రైతులు సమావేశమయ్యే 2,601 రైతు వేదికలున్నాయి. ప్రతి వేదిక ఆవరణలో ఒక వర్షమాపకం, పక్కన నీటి మట్టం కొలిచే ఒక బోరు ఉంచి, యాసంగి విత్తనం కొనకముందే ఆ అంకెలపై చర్చ జరిపేందుకు కొత్త భవనాలు అక్కరలేదు.