సోమరితనమా? థైరాయిడ్ లోపమా?

చెమట గ్రంథుల నుండి చెమట సన్నని నాళముల గుండా బయటికి వస్తుంది. అయితే మన శరీరములో కొన్ని గ్రంథులకు నాళములు లేవు. వాటి రసములు నేరుగా రక్తములో కలుస్తాయి. వీటినే హార్మోనులు అంటాము. మెడ ముందు భాగమున సీతాకోకచిలుక ఆకారములోనున్న థైరాయిడ్ అటువంటి గ్రంథియే. బరువు సుమారు 20 గ్రాములు. ఒంటి వేడిమి, గుండె వేగము, ఆహారము శక్తిగా మారే తీరు దీని అదుపులో ఉంటాయి.

దీనిపై అజమాయిషీ చేసేది మెదడు క్రిందనున్న బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి. రక్తములో థైరాయిడ్ హార్మోను తగ్గితే కబురు పంపి పని చేయిస్తుంది. చాలినంత కాగానే ఆ కబురు తగ్గిస్తుంది.

ఈ హార్మోను తయారీకి అయొడిన్ కావాలి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. గర్భిణులకు ఇంకా ఎక్కువ అవసరము. అయొడిన్ ఉప్పును మూతగల డబ్బాలో, పొయ్యికీ తడికీ దూరముగా ఉంచుదాము.

హార్మోను తక్కువైతే నీరసము, చలి, మలబద్ధకము, ఒళ్లు బరువెక్కుట, నెలసరిలో తేడాలు కలుగవచ్చు. అటువంటి కోడలిని సోమరి అని మనమెంత తేలికగా అనేస్తాము! నిందించే ముందు రక్తపరీక్ష చేయిద్దాము. లోపమని తేలితే డాక్టరు చెప్పిన మోతాదులో రోజుకొక మాత్ర వాడితే చాలు.

పసిబిడ్డలో ఈ లోపము పైకి కనబడకపోవచ్చు. మొదటి రెండు వారములలో చికిత్స మొదలైతే బిడ్డ తెలివి చక్కగా ఎదుగుతుంది. ఆలస్యమైతే జరిగిన నష్టము తీరదు. మడమ నుండి తీసిన కొన్ని రక్తపు చుక్కలు చాలు, సంగతి తెలుస్తుంది. తల్లులారా, కాన్పు జరిగిన ఆసుపత్రిలోనే ఈ పరీక్షను గూర్చి అడగండి.