ప్రకటన గోడ మీద ఉండాల, గడపకు అడ్డం కాదు

పోయిన టమోట సీజన్లో ఒగ దినం పొద్దన, బత్తలపల్లె కూడలిలో టీ కొట్టు కాడ మా పెద్దనాయన సెల్లు నా చేతికిచ్చి, "కక్కలపల్లి మార్కెట్లో బాక్సు ఎంత పలుకుతాందో చూడు నాయనా" అన్నాడు. తెలుగు వార్తల సైటు ఒగటి తెరిచినా. వార్త కనపడకముందే తెర నిండా ప్రకటన పడె. మూల్లో ఆవగింజంత కొట్టేత గుర్తు. దాన్ని నొక్కబోతే వేలు పక్కన పడి, అప్పులిచ్చే యాప్ ఏదో దిగడానికి సిద్ధమాయ. వెనక్కొస్తే కింద వీడియో దానంతట అదే పెద్ద గొంతుతో పాట ఎత్తుకునె. టీ తాగేటోళ్లంతా మా దిక్కే చూస్తాండారు. "ఒద్దులేప్పా" అని పెద్దనాయన సెల్లు గుంజుకున్నాడు.

తప్పు ఎవరిది? సైటాయనను తిట్టడం సులువే. ఆయన కష్టం కూడా చూడాల కదా. రాసేటోనికి జీతం, సర్వరుకు కిరాయి యాడనుంచి వస్తాయి? చదివేటోళ్లం మనం రూపాయి ఇయ్యం. అచ్చు పేపరు కూడా మనమిచ్చే ధరతో నడవదు, ప్రకటనలతోనే నడుస్తాది. కాబట్టి ప్రకటనే వద్దనడం న్యాయం కాదు.

ఆ డబ్బు వచ్చే దారి మన మండీ మాదిరే ఉంటాది. మీరు పేజీ తెరిచిన కనురెప్ప పాటులో ఆ ఖాళీ జాగాకు వేలం జరుగుతాది. ఎక్కువ పాడినోని ప్రకటన మీ సెల్లులో పడతాది. చూసినందుకు వెయ్యి లెక్కన కొంత, నొక్కినందుకు కొంత. గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగు పేజీలకు తలుపు తెరిచినాక చిన్న చిన్న సైట్లకు కూడా ఈ దారి దొరికింది. అయితే అమెరికాలో చదివే ఇంగ్లీషు పేజీకి పలికే ధర మన తెలుగు పేజీకి పలకదు. అందుకే సైటాయన ఒగ ప్రకటన ఉన్న చోట ఆరు పెడతాడు. మొదటి నెల డబ్బు పెరుగుతాది కూడా, అది అబద్ధం కాదు. కానీ నొక్కినోళ్ల లెక్క ఆయనకు కనపడతాది గానీ, విసుగొచ్చి మళ్లీ రాకుండా పోయినోళ్లు ఎందుకు పోయినారో ఏ లెక్కలోనూ కనపడదు.

ఇంకోటి, మనకు ఫ్రీ అనేది ఉత్త మాట. మూడొందల మాటల తెలుగు వార్త పది కిలోబైట్లు కూడా ఉండదు. దాని పక్కన తనంతట తానే ఆడే పదిహేను సెకన్ల వీడియో ఒకటి రెండు ఎంబీలు తింటాది. అంటే ఇన్నూరు వార్తల బరువు ఒగ ప్రకటనకే పోతాంది, అది కూడా మన రీచార్జిలోంచి. సిగ్నలు ఒక గీత మాత్రమే ఉండే ఊర్లో అయితే వార్త తెరుచుకునేలోపు బస్సు వచ్చేస్తాది.

ఈ తెరమీదికి దూకే ప్రకటన 1990లలో అమెరికాలో ట్రైపాడ్ అనే సైటులో పుట్టింది. అశ్లీల పేజీ మీద తమ ప్రకటన పడిందని ఒగ కార్ల కంపెనీ గొడవ చేస్తే, పేజీకి అంటకుండా వేరే కిటికీలో తెరుచుకునేట్ల ఈథన్ జుకర్‌మన్ అనే ఆయన కోడ్ రాసినాడు. 2014లో 'ది అట్లాంటిక్' పత్రికలో దానికి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. పుట్టించినోడే క్షమాపణ అడిగిన వస్తువు ఇది!

ఎంతవరకు సహించొచ్చు అనేదానికి కొలత కూడా ఉండాది. ప్రకటనల కంపెనీలే కూడి పెట్టుకున్న 'కోయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్' జనాన్ని అడిగి జాబితా కట్టింది. సెల్లులో తెర కప్పేవి, శబ్దంతో తామే ఆడేవి, మిణుకు మిణుకుమనేవి, పేజీలో వంద పాళ్లకు ముప్పై పాళ్లు దాటేవి పనికిరావని తేల్చింది. 2019 జులై 9 నుంచి క్రోమ్ బ్రౌజరు అన్ని దేశాల్లోనూ ఈ కొలతే పట్టుకుంది. తప్పు దిద్దుకోని సైటులో ప్రకటనలన్నీ ఆపేస్తాది, మంచివి కూడా. పొరపాటున పడే నొక్కులు ఎక్కువైతే గూగుల్ ఆ డబ్బు కోసేస్తాది, ఖాతా మూసినా మూయొచ్చు. మన దేశంలో కూడా 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ పదమూడు రకాల మాయలను తప్పని ప్రకటించింది. ప్రకటనను వార్త మాదిరి వేషం కట్టించడం వాటిలో ఒగటి. అట్లాంటిది కనపడితే 1915కు ఫోన్ చేసి చెప్పొచ్చు.

మరి సైటు బతికేదెట్ల? నా మటుకు నాకు పాత పేపరు దారే కనపడతాంది. 1989లో ఈనాడు జిల్లాకొక చిన్న పేపరు వేయడం మొదలుపెట్టినాక, పెద్ద పేపర్లో ప్రకటన ఇచ్చే తాహతు లేని ఊరి అంగళ్లోళ్లకు కూడా జాగా దొరికింది. అట్లాంటి ప్రకటన చదివేటోనికి అడ్డం కాదు, అది కూడా వార్తే. ధర్మవరంలో చీరల అంగడి ఆడి నెలలో తగ్గింపు పెడితే మా అక్క ఎతుక్కోని మరీ చదువుతాది. బుడ్డల విత్తనం యాడ దొరుకుతాందో, బోరు మోటరు ఎవరు రిపేరు చేస్తారో చెప్పే బొమ్మ పేజీలో ఒగ మూలన కదలకుండా ఉంటే ఎవరికి కోపం? మన ఊర్లో సిమెంటు కంపెనీలోళ్లు గోడల మీద రాస్తే మనమేమన్నా అంటామా? గడపకడ్డం నిలబడితేనే కదా తోసేది.

దీనికి తిరగాల. అంగడంగడికీ పోయి ఎంత మంది చదువుతాండారో చూపించి, నెలకింత అని మాట్లాడుకోవాల. ఎండలో తిరిగే పని అది. యాడ్‌సెన్స్ అయితే కూచున్న చోటికే డబ్బు వస్తాది కాబట్టి శానామంది దాన్నే పట్టుకుంటారు. రెండూ పెట్టుకోండి, నేనొద్దనను. వేలంలో వచ్చేవి రెండిటితో ఆపి, వాటిని వార్త మధ్యలో బొటనేలు జరిగే చోట పెట్టకుంటే చాలు. అప్పుల యాప్‌లు, జూదం ప్రకటనలు రాకుండా ఆపే మీట యాడ్‌సెన్స్‌లోనే ఉండాది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనల్ని 2025లో కేంద్ర చట్టమే నిషేధించింది కూడా.

మా పెద్దనాయన ఇప్పుడు పొద్దన్నే మండీలో గుమాస్తాకు ఫోన్ చేసి ధర అడుగుతాండాడు. ఆ సైటు పేరేంది అని మొన్న అడిగితే, "ఏ సైటు?" అన్నాడు.