నెలకు 85 యూరోలు మిగిలాయనుకున్నా!

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇలాంటి నొప్పి వచ్చిందా?"

2024 జనవరి. రాత్రి రెండు గంటలు. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఓ హాస్పిటల్ ఎమర్జెన్సీ వార్డు. నడుము దగ్గర మొదలై పొత్తికడుపులోకి దిగుతున్న నొప్పికి మెలికలు తిరిగిపోతున్నా. డాక్టరమ్మ అడిగినదానికి నిజమే చెప్పా. "వచ్చింది. బీటెక్ మూడో ఏడాదిలో. కిడ్నీలో రాయి అన్నారు. మందులతో పోయింది."

ఆవిడ తలూపి ఆ మాట కంప్యూటర్‌లో ఎక్కించుకున్నారు. ఆ ఒక్క లైను నాకు 3,640 యూరోల ఖర్చు తెచ్చిపెట్టింది. మన డబ్బుల్లో మూడు లక్షల పైనే.

జర్మనీకి బయల్దేరే తమ్ముళ్లూ చెల్లెళ్లూ నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. రైస్ కుక్కర్ తెచ్చుకోవాలా, గోంగూర పచ్చడి ఎన్ని కేజీలు ప్యాక్ చేయాలి, పార్ట్‌టైమ్ దొరుకుతుందా... అన్నీ అడుగుతారు. హెల్త్ ఇన్సూరెన్స్ గురించి మాత్రం అడగరు. నేనూ అప్పట్లో ఎవర్నీ అడగలేదు. అందుకే ఇదంతా రాస్తున్నా.

చదవకుండా పెట్టిన సంతకం

2022 అక్టోబరులో నరసరావుపేట నుంచి మాస్టర్స్ చేయడానికి వచ్చా. ఇక్కడ హెల్త్ ఇన్సూరెన్స్ లేకుండా యూనివర్సిటీలో చేర్చుకోరు. రెండు దారులున్నాయి. ఒకటి పబ్లిక్ ఇన్సూరెన్స్. టీకే, ఏఓకే, బార్మర్ లాంటి సంస్థలు ఇస్తాయి. స్టూడెంట్లకు అప్పట్లో నెలకు సుమారు 120 యూరోలు, ఇప్పుడు 140 దాటింది. రెండోది ప్రైవేటు. నాకు దొరికిన ప్లాన్ నెలకు 35 యూరోలే.

"హెల్దీగా ఉన్నావ్ కదా బ్రో, నెలనెలా అంత డబ్బు ఎందుకు తగలేస్తావ్?" అన్నాడు వాట్సాప్ గ్రూపులో ఓ సీనియర్. నాన్న పొలం మీద లోన్ తీసుకుని పంపించారు. ప్రతి యూరోనూ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులవి. 85 మిగులుతుందంటే కూరగాయలు, బియ్యం, ఫోన్ రీఛార్జ్ అన్నీ వచ్చేసినట్టే కదా అనిపించింది.

ప్రైవేటు తీసుకోవాలంటే పబ్లిక్ నుంచి మినహాయింపు కోరుతూ ఓ ఫారం మీద సంతకం చేయాలి. జర్మన్‌లో ఉంది. ఫోన్‌తో ట్రాన్స్‌లేట్ చేసుకున్నా ఐదు నిమిషాల పని. నేను ఆ ఐదు నిమిషాలు కూడా పెట్టలేదు. ఆ మినహాయింపు ఒకసారి తీసుకుంటే చదువు పూర్తయ్యేదాకా వెనక్కి తీసుకోవడం కుదరదన్న సంగతి, నొప్పి వచ్చాకే తెలిసింది.

పోస్ట్ బాక్స్ మీద పేరు లేదు

రెండు రాత్రులు హాస్పిటల్లో ఉన్నా. రాయి తీసేశారు. వైద్యానికి ఏ వంకా పెట్టలేను, బాగా చూసుకున్నారు. బిల్లు నా పేరు మీదే వచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీకి పంపా. వాళ్లు ఇండియాలోని పాత రిపోర్టులు అడిగారు. అమ్మకు తెలియకుండా మా బావతో గుంటూరు హాస్పిటల్ నుంచి తెప్పించి పంపా. అంతా సవ్యంగా చేస్తున్నాననే అనుకున్నా.

తర్వాత జవాబు రాలేదు. వచ్చింది గానీ నా చేతికి అందలేదు. ఆ మధ్యే రూమ్ మారా. ఇక్కడ ఫ్లాట్ నంబరు చూసి ఉత్తరాలు వేయరు. పోస్ట్ బాక్స్ మీద ఇంటిపేరు ఉంటేనే వేస్తారు. నా పేరు అంటించడం మర్చిపోయా. మూడు వారాలు పోయాక, ఈమెయిల్ పెట్టి అడిగితే అప్పుడు తెలిసింది. "ఇది పాలసీకి ముందునుంచీ ఉన్న జబ్బు, చెల్లించలేం." ఈలోపు హాస్పిటల్ బిల్లు గడువు దాటి, లేట్ ఫీజుతో రిమైండర్ కూడా బయల్దేరింది.

అప్పటికి 15 నెలల్లో నేను మిగుల్చుకున్నది 1,275 యూరోలు. కట్టాల్సింది 3,640. హాస్పిటల్ వాళ్లను బతిమాలితే వాయిదాలకు ఒప్పుకున్నారు. నెలకు 364 చొప్పున పది నెలలు. పార్సిల్ గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు చేశా. వీడియో కాల్‌లో అమ్మ "ఏంట్రా అలా చిక్కిపోయావ్?" అంటే "ఇక్కడ చలి అమ్మా" అనేవాణ్ణి.

పబ్లిక్‌లో ఉండి ఉంటే?

చేర్చుకునేటప్పుడు పబ్లిక్ ఇన్సూరెన్స్ పాత జబ్బుల చిట్టా అడగదు. రాయి ఉన్నా, షుగరు ఉన్నా స్టూడెంట్‌కు అదే ప్రీమియం. హాస్పిటల్లో ఉంటే మన వాటా రోజుకు 10 యూరోలు, అదీ ఏడాదికి 28 రోజుల వరకే. ప్రిస్క్రిప్షన్ మందులకు ధరలో 10 శాతం, కనీసం 5 యూరోలు, గరిష్ఠంగా 10. అంటే ఆ రెండు రాత్రులకు నాకు అయ్యే ఖర్చు వందల్లో కూడా ఉండేది కాదు.

1883లో బిస్మార్క్ కార్మికుల కోసం తెచ్చిన చట్టంతో మొదలైన పద్ధతి ఇది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కట్టేది జబ్బుపడ్డవాళ్లకు పనికొస్తుంది. రేపు మనకే అవసరం రావచ్చు. నేను 85 యూరోలు మిగుల్చుకుని బయట నిలబడ్డది అక్కడే.

టికెట్ బుక్ చేసేముందు ఇవి చూసుకోండి

*వయసు:* స్టూడెంట్ రేటులో పబ్లిక్ ఇన్సూరెన్స్ 30 ఏళ్లు నిండే సెమిస్టర్ వరకే. ఐదారేళ్లు ఉద్యోగం చేసి మాస్టర్స్‌కు వచ్చేవాళ్లు ఇది ముందే లెక్కేసుకోవాలి.

*మొదటి రోజులు:* సెమిస్టర్ మొదలయ్యేలోపే దిగుతుంటే మధ్యలో ఖాళీ వస్తుంది. ఫ్లైట్ దిగిన రోజు నుంచి వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరేగా తీసుకోండి. దాన్నే చదువంతా లాగొచ్చని మాత్రం అనుకోవద్దు.

*అడ్రస్ రిజిస్ట్రేషన్:* ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో నమోదు చేసుకోవాలి. దీన్ని 'అన్‌మెల్డుంగ్' అంటారు. ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. ఆ కాగితం ఇవ్వనంటే ఆ రూమ్ వద్దు. ఇల్లు చూడకుండా అడ్వాన్స్ అసలే పంపొద్దు.

*బ్లాక్డ్ అకౌంట్:* స్టూడెంట్ వీసాకు 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. నెలకు చేతికొచ్చేది 992. అద్దె, ఇన్సూరెన్స్ పోగా ఎంత మిగులుతుందో ఇండియాలో ఉన్నప్పుడే రాసి చూసుకోండి.

*ఉద్యోగం వచ్చాక:* పబ్లిక్‌లో ప్రీమియం జీతాన్ని బట్టి ఉంటుంది. ఇంచుమించు సగం కంపెనీ కడుతుంది. ఆదాయం లేని భార్య లేదా భర్త, పిల్లలు అదే ప్రీమియంలో కవర్ అవుతారు. జీతం ఓ పరిమితి దాటితే ప్రైవేటుకు మారొచ్చు. 2025లో అది ఏడాదికి 73,800 యూరోలు, ఏటా మారుతుంది. ప్రైవేటులో ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే ప్రీమియం. 55 ఏళ్లు దాటాక మళ్లీ పబ్లిక్‌లోకి రావడం దాదాపు అసాధ్యం. కుర్రతనంలో చవగ్గా ఉందని మారేముందు ఇదీ ఆలోచించండి.

*ఫోన్ నంబర్లు:* ప్రాణం మీదికొస్తే 112. రాత్రిపూట, సెలవుల్లో డాక్టరు కావాలి గానీ అంత ప్రమాదం లేదంటే 116117. రెండూ ఇప్పుడే సేవ్ చేసుకోండి.

చివరగా, పోస్ట్ బాక్స్ మీద మీ పేరు అంటించండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నా.

నాన్న అడిగిన ప్రశ్న

చదువు అయింది. బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి నెల జీతం స్లిప్పులో పబ్లిక్ ఇన్సూరెన్స్ కటింగ్ చూసి ఆఫీసులో కొందరు గొణుక్కున్నారు. నాకు మాత్రం గుండె మీద బరువు దిగినట్టయింది.

మొన్న అమ్మానాన్నల విజిట్ వీసాకు కాగితాలు సిద్ధం చేస్తున్నా. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. చాలా పాలసీల్లో పాత జబ్బులు కవర్ కావు. అందుకే వెతికి, నిబంధనలన్నీ చదివి, ఉన్న జబ్బులకూ కొంతైనా వర్తించేది ఒకటి పట్టుకున్నా. ప్రీమియం ఎక్కువే.

"నాకు బీపీ ఉందని రాయకపోతే డబ్బులు తగ్గుద్దంటగా?" అన్నారు నాన్న ఫోన్‌లో.

అప్పుడు చెప్పా. కిడ్నీ రాయి, డాక్టరమ్మ ప్రశ్న, గోడౌన్, పది నెలలు, అన్నీ.

అవతల కాసేపు మాట లేదు.

"అప్పుడే చెప్తే పంపేవాణ్ణి కదరా."

"పంపుతావనే చెప్పలేదు నాన్నా."

ఫారంలో బీపీ ఉందని రాశాం. ఏ ట్యాబ్లెట్ వేసుకుంటారో కూడా రాశాం.